16 పక్కల గ్రంథాలయం మోడల్: చివరి పలక పట్టడం లేదు, కప్పు లేవడం లేదు (థామస్ ఫుల్లర్, ఒట్టావా)

శ్రావణి_తాంబరం

అందరికీ నమస్కారం. చెన్నైలో బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈసారి స్టూడియోలో ఒక్కొక్కరికి 19వ శతాబ్దపు ఆర్కిటెక్ట్‌ని ఒకరిని ఇచ్చారు. నాకు కెనడా ఆర్కిటెక్ట్ థామస్ ఫుల్లర్ వచ్చారు. ఒట్టావాలోని పార్లమెంటు గ్రంథాలయం మోడల్ చేసి, ఆయన గురించి రెండు షీట్లు పెట్టాలి. వచ్చే వారమే జ్యూరీ, అంటే మా పనిని పరిశీలించి మార్కులు వేసే రోజు.

మోడల్ కింది వలయానికి అట్ట మీద 150 మి.మీ. వ్యాసార్థంతో వృత్తం గీసి, చుట్టుకొలతను 16తో భాగించాను. 58.9 వచ్చింది. 3 మి.మీ. ఎండీఎఫ్‌లో (చెక్కపొడిని జిగురుతో నొక్కి చేసే బోర్డు) 16 పలకలు లేజర్ కటింగ్ చేయించాను. గీతకు లోపలివైపు నిలబెడుతూ వచ్చాను. 15 పలకలు అతికాక చివరిదానికి 34 మి.మీ. జాగా మాత్రమే మిగిలింది.

పై వలయం వ్యాసార్థం 100, దాని మీద మొనదేరిన కప్పు 120 మి.మీ. ఎత్తు రావాలి. 39 మి.మీ. అడుగు, 120 మి.మీ. ఎత్తు ఉన్న త్రిభుజాలు కోసి అతికిస్తే కప్పు 70 మి.మీ. కూడా లేవలేదు, గొడుగులా పరుచుకుంది.

షీట్ల సంగతి. 1916లో పార్లమెంటు మొత్తం కాలిపోయినా గ్రంథాలయం మిగలడానికి దాని ఇనుప కప్పే కారణమని రాశాను. పార్లమెంటు ముందున్న గోపురం, పీస్ టవర్ ఫొటో కూడా ఆయన పని కింద పెట్టాను. రెండూ సరేనా? ఇక్కడ చెన్నైలో పోల్చి చూపడానికి ఏదైనా కట్టడం ఉంటే చెప్పండి.

పెరంబూరు_కొలబద్ద

శ్రావణీ, లేజర్ షాపు వాళ్ల తప్పేమీ లేదు, కొలతలోనే ఉంది. రెండు పొరపాట్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

మొదటిది, చుట్టుకొలతను 16తో భాగిస్తే వచ్చేది వంపు పొడవు. నీ పలక తిన్ననిది. వృత్తం మీది రెండు బిందువుల మధ్య తిన్నని గీత పొడవు కావాలంటే వ్యాసార్థాన్ని 2 × సైన్ 11.25 డిగ్రీలతో, అంటే 0.3902తో గుణించాలి. 150కి 58.5 వస్తుంది. తేడా 0.4 మి.మీ.లే కదా అనిపిస్తుంది గానీ 16 పలకలకు 6 మి.మీ. పైన అవుతుంది.

రెండోదే పెద్దది: ఎండీఎఫ్ మందం. 58.5 అనేది బయటి ముఖం కొలత. లేజర్ అంచును నిటారుగా కోస్తుంది, ఏటవాలుగా కోయదు. నిటారు అంచులున్న రెండు పలకలు మూల దగ్గర కలిసేటప్పుడు లోపలి అంచులు ముందు గుద్దుకుంటాయి. కాబట్టి పలకను లోపలి ముఖం కొలతకు కోయించాలి. కేంద్రం నుంచి పక్క మధ్యకు బయటి దూరం 150 × 0.9808 = 147.1. అందులోంచి 3 తీసేస్తే 144.1. దాన్ని 0.3978తో గుణిస్తే 57.3. నీ పలక వెడల్పు ఇదే ఉండాలి. 16 × 57.3లోంచి 15 × 58.9 తీసేసి చూడు, 33 నుంచి 34 మధ్య వస్తుంది. నీకు మిగిలిన జాగా అదే.

57.3 పలకలు పెడితే బయటి వైపు ప్రతి మూలలో 1.2 మి.మీ. చీలిక కనిపిస్తుంది. దాన్ని పుట్టీతో పూడ్చకు. అసలు కట్టడంలో ప్రతి మూలా ఒక రాతి స్తంభం ముందుకు పొడుచుకొచ్చి, దాని మీంచి ఫ్లయింగ్ బట్రెస్ (గోడకు ఆసరాగా వంపు తిరిగి ఆనే రాతి దూలం) లేచి పై వలయానికి ఆనుతుంది. మూలమూలకూ 6 మి.మీ. వెడల్పు పట్టీ అతికిస్తే చీలికా మూసుకుంటుంది, స్తంభమూ వస్తుంది. పాత పలకలు పారేయొద్దు, ఒక్కొక్కదాని అంచు 1.6 మి.మీ. కోసుకుంటే చాలు. స్టీల్ స్కేలు పెట్టి కటర్‌తో నాలుగైదు సార్లు గీస్తే ఎండీఎఫ్ తెగుతుంది. ఒక్క పోటుకు కోయాలని చూస్తే అంచు వంకర పోతుంది.

మూలల గుర్తులకు కోణమానిని వాడకు. అరడిగ్రీ తేడా వస్తే 150 దూరంలో 1.3 మి.మీ. జరుగుతుంది. కంపాస్‌తో వృత్తాన్ని నాలుగు చేసి, ఆ భాగాలను సగం, మళ్లీ సగం చేస్తూ పో, 22.5 డిగ్రీలు దానంతట అదే వస్తుంది. ఆ 16 కిరణాలు అట్ట మీద అలాగే ఉంచు. పై వలయం మూలలు సరిగ్గా ఆ కిరణాల మీదే కూర్చోవాలి. అది రెండు డిగ్రీలు తిరిగినా 16 బట్రెస్‌లూ అడ్డంగా పోతాయి. అప్పుడు ఏదీ సరిదిద్దలేం.

ఇక కప్పు. నువ్వు త్రిభుజానికి పెట్టిన 120 నిలువు ఎత్తు. త్రిభుజానికి కావాల్సింది వాలు పొడవు. పై వలయంలో కేంద్రం నుంచి పక్క మధ్యకు 98.1. 98.1 వర్గం, 120 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 155. నువ్వు వాలుకే 120 ఇచ్చావు కాబట్టి నిలువు 69కి పడిపోయింది.

విడి త్రిభుజాలు మానేసి కప్పు మొత్తాన్ని ఒకే ముక్కలో చెయ్యి. మూల నుంచి శిఖరానికి దూరం 156.2. ఆ వ్యాసార్థంతో చాపం గీసి, దాని మీద 39 మి.మీ. చొప్పున 16 సార్లు డివైడర్‌తో గుర్తులు పెట్టు. మొత్తం 229.6 డిగ్రీలు రావాలి. రాకపోతే డివైడర్ కదిలిందన్నమాట. గుర్తులను తిన్నని గీతలతో కలుపు, చాపం వెంట కోయకూడదు. చివర 6 మి.మీ. అతుకు పట్టీ వదులు. మడత గీతలు బయటి ముఖం మీద సగం లోతు గీసి వెనక్కి మడిస్తే మూలలు పదునుగా వస్తాయి. ఇదంతా ఏ3 షీటులో పడుతుంది, ఏ4లో పట్టదు. పైన చిన్న లాంతరు గోపురం కూర్చోవడానికి శిఖరం నుంచి 23.4 మి.మీ. దగ్గర కోసేస్తే 15 మి.మీ. వ్యాసార్థం గల రంధ్రం వస్తుంది.

స్కేలు సంగతొకటి. కొలతల డ్రాయింగ్ చేతిలో లేకుండా ఫొటోలు చూసి చేసిన మోడల్ మీద 1:100 అని రాయకు. నిష్పత్తి మోడల్ అని రాయి. జ్యూరీలో మొట్టమొదట పట్టుకునేది దాన్నే.

ఎగ్మూరు_గ్రంథాలయం

ముందు పీస్ టవర్ ఫొటో తీసెయ్యమ్మా. అది ఫుల్లర్‌ది కాదు. 1916 ఫిబ్రవరి 3 రాత్రి జరిగిన ప్రమాదంలో ఆయన సెంటర్ బ్లాకు (పార్లమెంటు ప్రధాన భవనం), దాని విక్టోరియా టవర్ పోయాయి. ఇప్పుడున్న సెంటర్ బ్లాకు జాన్ పియర్సన్, జాన్ ఒమర్ మార్షాన్‌లది. పీస్ టవర్ పూర్తయింది 1927లో, అప్పటికి ఫుల్లర్ పోయి 29 ఏళ్లు. ఆ గుట్ట మీద ఆయన సెంటర్ బ్లాకులో ప్రధానంగా మిగిలింది వెనక నది వైపున్న గ్రంథాలయం.

ఆయన కెనడాలో పుట్టలేదు. 1823 మార్చి 8న ఇంగ్లండులోని బాత్‌లో పుట్టాడు. ఇరవై దాటిన కొత్తలోనే కరీబియన్‌లోని ఆంటిగ్వాకు కతీడ్రల్ డిజైన్ చేశాడు. 1857లో టొరంటో వచ్చి చిలియన్ జోన్స్‌తో కలిసి ఆఫీసు పెట్టాడు. పార్లమెంటు భవనాల పోటీ 1859లో పడింది. మారుపేర్లతో డ్రాయింగులు పంపాలి. వీళ్లు పెట్టుకున్న పేరు సెంపర్ పరాటస్. సెంటర్ బ్లాకు వీళ్లకూ, పక్కనున్న రెండు కార్యాలయ భవనాలు స్టెంట్, లేవర్ అనే మరో జంటకూ వచ్చాయి. షీటులో ఫుల్లర్ ఒక్కడి పేరే రాస్తే జోన్స్‌కు అన్యాయం చేసినట్టే.

నువ్వు షీటులో ఎక్కువ చోటు ఇవ్వాల్సింది ఖర్చు కథకు. పార్లమెంటు భవనానికి అనుకున్నది 75,000 పౌండ్లు, అప్పటి లెక్కలో 3 లక్షల డాలర్లు. 1859 డిసెంబరులో తవ్వకం మొదలైంది, 1860 సెప్టెంబరు 1న వేల్స్ యువరాజు శంకుస్థాపన చేశాడు, 1861 శరదృతువుకల్లా డబ్బంతా అయిపోయి పని ఆగింది. 1862లో విచారణ కమిషన్ వేశారు. కారణాలు ఈనాటి సైటులో కూడా కనిపించేవే. గుట్ట మీద బండ ఎక్కడ ఎంత లోతున ఉందో సరిగ్గా చూడకుండా పునాది లెక్క కట్టారు. తవ్వేకొద్దీ బండ ఏటవాలుగా కిందికి పోయింది, పునాది రాతికట్టు పెరిగింది. అంతకంటే పెద్ద దెబ్బ, వేడి గాలి, వెంటిలేషన్ ఏర్పాటు మొదటి కాంట్రాక్టులో లేకపోవడం. ఒట్టావా చలిలో అది లేకుండా భవనం పనికిరాదు. దాన్ని తర్వాత విడిగా ఇచ్చేసరికి గోడల్లో గాలి గొట్టాలకు దారులు మార్చాలి, కింద బండలో సొరంగాలు తొలచాలి. వేసిన ప్లాను మీద మళ్లీ ప్లాను. మన దగ్గర స్లాబు పోశాక ప్లంబింగుకు రంధ్రాలు కొట్టే ఇళ్లలాగే.

1863లో పని తిరిగి మొదలైంది. 1866లో పార్లమెంటు అందులో కూర్చుంది, అప్పటికి గ్రంథాలయం గోడలు కూడా పూర్తి కాలేదు. ఫుల్లర్ 1867లో న్యూయార్క్ రాష్ట్ర కాపిటల్ (శాసనసభ భవనం) పని గెలుచుకుని ఆల్బనీ వైపు వెళ్లాడు. గ్రంథాలయం 1876లో పూర్తయింది, అప్పుడు కెనడా ప్రభుత్వ చీఫ్ ఆర్కిటెక్ట్ థామస్ సీటన్ స్కాట్. డిజైన్ ఫుల్లర్, జోన్స్‌లది, పూర్తి చేసింది స్కాట్ కాలంలో అని స్పష్టంగా రాయి. ఆల్బనీలోనూ ఖర్చు పేలింది, 1876లో ఆయన్ని తప్పించి ఐడ్లిట్జ్, రిచర్డ్‌సన్, ఓమ్‌స్టెడ్ అనే ముగ్గురికి అప్పగించారు.

నా దృష్టిలో ఆయన అసలు పని ఆ తర్వాతే. 1881లో స్కాట్ స్థానంలో చీఫ్ ఆర్కిటెక్ట్ అయి 1896 దాకా ఉన్నాడు. చిన్నచిన్న ఊళ్లలో పోస్టాఫీసులు, కస్టమ్స్ ఆఫీసులు, వందకు పైగా కట్టడాలు ఆ ఆఫీసు నుంచి వచ్చాయి. రాతి గోడ, నిటారు కప్పు, గడియారం గోపురం చూడగానే ఇది ప్రభుత్వానిదని తెలిసేది. అల్మాంట్ పోస్టాఫీసు చూడు, చిన్న ఊరి కట్టడానికి ఎంత శ్రద్ధ పెట్టాడో అర్థమవుతుంది. 1898లో ఒట్టావాలోనే పోయాడు.

శ్రావణి_తాంబరం

కొలబద్ద గారూ, 57.3కి కోసి అతికించాను, 16వ పలక చక్కగా దిగింది. గ్రంథాలయం గారూ, పీస్ టవర్ తీసేస్తున్నాను. మరి ఇనుప కప్పు వల్ల మిగిలిందన్న వాక్యం ఉంచనా?

ఎగ్మూరు_గ్రంథాలయం

ఆ వాక్యం ఉంచకు. లోపల ఏముందో చూడు: గోడల నిండా చెక్కిన తెల్ల పైన్ చెక్క, చెర్రీ, ఓక్, వాల్‌నట్ ముక్కల నేల, వేలకొద్దీ పుస్తకాలు. కప్పు ఇనుపదైనంత మాత్రాన ఆ గది మండకుండా ఉండదు. ఇనుము మండదు గానీ 550 డిగ్రీల దాపుల్లో దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది. నిప్పు లోపలికి వచ్చి ఉంటే ఆ కమ్మీలే ముందు వంగేవి.

నిప్పు లోపలికి రాకుండా చేసింది ప్లాను. ఆ ప్లాను వెనక ఆల్ఫియస్ టాడ్ అనే గ్రంథాలయాధికారి ఉన్నాడు. 1849లో మాంట్రియల్‌లో అల్లరిమూకలు పార్లమెంటు భవనానికి నిప్పు పెట్టినప్పుడు గ్రంథాలయం బూడిదైంది. 1854లో క్వెబెక్ భవనం కాలినప్పుడు మళ్లీ పుస్తకాలు పోయాయి. అందుకే ఒట్టావాలో గ్రంథాలయం ప్రధాన భవనానికి విడిగా ఉండాలని, మధ్యలో నడవా, దానికి ఇనుప తలుపులు ఉండాలని టాడ్ కోరాడు. ఫుల్లర్, జోన్స్ దానికి ఇంగ్లండు కతీడ్రళ్ల పక్కన ఉండే బహుభుజి చాప్టర్ హౌస్ (మతగురువులు సమావేశమయ్యే గది) ఆకారం ఇచ్చారు. విడిగా నిలబడే గదికి అంతకంటే తగిన పాత నమూనా గోతిక్‌లో (మొనదేరిన కమానుల మధ్యయుగపు శైలి) లేదు. 1916లో నిప్పు పుట్టింది పత్రికలు పరిచి ఉంచే చదువుల గదిలో. నడవా తలుపులు మూయించినవాడు మాకార్మక్ అనే గ్రంథాలయ ఉద్యోగి. ఆయన పేరు కూడా షీటులో పెట్టు, తలుపు ఉంటే సరిపోదు, మూసేవాడు ఉండాలి.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1952 ఆగస్టులో గ్రంథాలయం గోపురంలోనే నిప్పు పుట్టింది. తలుపులు ఏమీ చేయలేకపోయాయి. ఆర్పడానికి కొట్టిన నీళ్లతో కింద చెక్కపని, నేల బాగా దెబ్బతిన్నాయి. చెక్క పలకలు విప్పి మాంట్రియల్ పంపి శుభ్రం చేయించి తిరిగి బిగించారు. ఈ రెండు ప్రమాదాలూ పక్కపక్కన పెట్టి రెండు సెక్షన్లు (భవనాన్ని నిలువునా కోసినట్టు చూపే బొమ్మలు) గీస్తే చాలు, పేరాలకు పేరాలు రాయనక్కర్లేదు.

ఇనుప కప్పు గురించి రాయదగ్గది వేరే ఉంది. దాన్ని మాంచెస్టర్‌లోని ఫెయిర్‌బెయిర్న్ కంపెనీ తయారుచేసి పంపింది. ముక్కలుగా ఓడ మీద వచ్చి, ఒట్టావాలో రాతి వలయం మీద బిగిసింది. రాతి కమాను కప్పుతో పోలిస్తే ఇనుప పక్కటెముకల బరువు చాలా తక్కువ, గోడను బయటికి తోసే బలమూ తక్కువ. అందుకని 16 బట్రెస్‌లూ కప్పును మోస్తున్నాయని రాయకు. జ్యూరీలో స్ట్రక్చర్స్ సారు ఉంటే అక్కడే ఆపేస్తారు. లండన్ బ్రిటిష్ మ్యూజియం చదువుల గది గుమ్మటం, 1857లో పూర్తయింది, అదీ ఇనుప చట్రమే. గుండ్రటి గ్రంథాలయానికి ఇనుప చట్రం ఆ రోజుల్లో ఇంజనీర్ల చేతికొచ్చిన పని.

పెరంబూరు_కొలబద్ద

గ్రంథాలయం గారు చెప్పినట్టయితే మోడల్‌లో నడవా తప్పకుండా ఉండాలి. ఇప్పుడు నువ్వు చేస్తున్నది గుండ్రంగా ఒంటరిగా నిలబడిన బొమ్మ, అందులో టాడ్ ఆలోచన కనిపించదు. 16 పలకల్లో దక్షిణం వైపుది తీసేసి అక్కడ నడవా కలుపు, దాని రెండో కొసన సెంటర్ బ్లాకు గోడ ముక్క ఒకటి చాలు. కప్పును అతికించకుండా వదిలెయ్యి, ఎత్తి చూపిస్తే లోపలి అలమరాల వలయం, నడవా, తలుపు ఒకే చూపులో పడతాయి. తలుపును 0.5 మి.మీ. అల్యూమినియం రేకుతో చేసి మూసిన స్థితిలో పెట్టు, మిగతా అంతా తెల్లగా ఉంచు.

మౌంట్‌బోర్డు_మైలాపూరు

సరుకు సంగతి. కప్పుకు 1 మి.మీ. ఐవరీ కార్డు వాడమ్మా, మౌంట్ బోర్డు మడత దగ్గర పగులుతుంది. ఈ తేమలో నీళ్ల ఫెవికాల్ ఒక ముఖానికి మాత్రమే రాస్తే కార్డు తెల్లారేసరికి వంకర తిరుగుతుంది. పెద్ద ముఖాలకు రబ్బరు జిగురు రెండు వైపులా పలచగా రాసి, పది నిమిషాలు ఆరాక అంటించు. మూలల్లో చుక్క ఫెవిక్విక్.

సన్‌బోర్డు లేజర్ షాపుకు తీసుకెళ్లకు. అది పీవీసీ, కోస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, మెషిన్ లెన్సు పాడవుతుంది, తెలిసిన షాపువాడు ముట్టుకోడు. దాన్ని కటర్‌తోనే కోయాలి. మధ్యలో థర్మోకోల్ ఉన్న ఫోమ్ బోర్డు మీద స్ప్రే పెయింటు గానీ ఫెవిక్విక్ గానీ పడితే కరిగి గుంట పడుతుంది. ఎండీఎఫ్‌కు రంగు వేసేటట్టయితే కోసిన అంచులకు ముందు ప్రైమర్ రెండు పూతలు, లేకపోతే అంచు రంగు పీల్చేసి ఉబ్బుతుంది. కార్డులు, బోర్డులు ప్యారీస్ కార్నర్ దగ్గర అండర్సన్ వీధిలో దొరుకుతాయి.

రంగులు వేస్తానంటే అసలు గోడ నేపియన్ ఇసుకరాయి, కాస్త బూడిద కలిసిన లేత పసుపు. కిటికీల చుట్టూ చెక్కడం ఒహాయో ఇసుకరాయి, కమానుల మీద పాట్స్‌డామ్ ఎర్ర ఇసుకరాయి. ఎరుపు సన్నని గీతగా మాత్రమే పడాలి. కప్పుకు పచ్చటి రాగి రంగు వేసే ముందు ఏ సంవత్సరం కట్టడం చూపిస్తున్నావో రాసుకో. 1876లో పైన పలకరాయి. 1888 సుడిగాలికి అది లేచిపోయాక వచ్చింది రాగి.

ఎగ్మూరు_గ్రంథాలయం

చెన్నైలో పోలిక అడిగావు కదా. నాకు తెలిసి గుండ్రటి గ్రంథాలయం ఇక్కడ లేదు. ఎగ్మూరు మ్యూజియం ఆవరణలోని కన్నెమరా గ్రంథాలయం పాత భవనం చూడు. హెన్రీ ఇర్విన్ డిజైన్, 1896 డిసెంబరులో తెరిచారు, కట్టినవాడు మన తాటికొండ నంబెరుమాళ్ శెట్టి. పక్కనే మ్యూజియం థియేటరు ఉంది, అర్ధవృత్తపు ప్లాను, వంపు గోడను ఎలా కట్టారో దగ్గరగా చూడొచ్చు. పోటీ పద్ధతికి పోలిక కావాలంటే మద్రాసులో పనిచేసిన ఆర్కిటెక్ట్ రాబర్ట్ చిషోమ్. 1860లలో మద్రాసు ప్రభుత్వం పెట్టిన పోటీలో గెలిచే ప్రెసిడెన్సీ కాలేజీ, సెనేట్ హౌస్ చేశాడు. ఫుల్లర్‌కూ ఆయనకూ మధ్య ఒక తేడా షీటులో చూపించు: ఫుల్లర్ ఒట్టావాలో గోతిక్ వాడి, చలికీ మంచుకూ కప్పు నిటారుగా పెంచాడు. చిషోమ్ ఇక్కడి ఎండకు వరండాలు, లోతైన కమానులు పెట్టి ఇక్కడి శైలుల వైపు తిరిగాడు.

కన్నెమరాకు వెళ్తే కొలతలు తీసే ముందు కాలేజీ లెటరు చేతిలో ఉంచుకో, టేపు తీస్తే అడుగుతారు. పాత హాలులోకి పోవడానికి విడిగా అనుమతి కావాలేమో కౌంటరులో ముందే కనుక్కో.

శ్రావణి_తాంబరం

కప్పు 229.6 డిగ్రీల లెక్కతో ఏ3 కార్డులో మళ్లీ కోశాను, 120 ఎత్తు వచ్చింది. ఇంకొక్కటే సందేహం. బట్రెస్‌లు పక్క మధ్యలో రావాలా, మూలలోనా? ఒక ఫొటోలో మధ్యలో ఉన్నట్టు కనిపిస్తోంది.

పెరంబూరు_కొలబద్ద

మూలలోనే. పక్క మధ్యలో కిటికీ ఉంటుంది, దాని ముందు బట్రెస్ రాదు. ఫొటో మూలకు ఎదురుగా నిలబడి తీసినది అయ్యుంటుంది. 16 బట్రెస్‌లనూ ఒకే ఫైలులో లేజర్ చేయించు, రెండు ఎక్కువ కోయించు, సన్నటి మెడ దగ్గర విరుగుతాయి. కింది స్తంభానికి ముందు అతికించి, ఎండాక పై వలయానికి ఆనించు. ఎదురెదురుగా జతలుగా పెట్టుకుంటూ పో. ఒకే వైపు నుంచి వరసగా పెడితే పై వలయం పక్కకు జరుగుతుంది.